మమ్మల్ని లెక్కపెట్టిన నివేదిక మాకు చూపించండి: ప్రజా విధాన అధ్యయన సంస్థ ఆచార్యులకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయ ప్రజా విధాన అధ్యయన సంస్థ డైరెక్టరు గారికి, ఆచార్యులకు, పరిశోధకులకు

నమస్కారం.

ఈ లేఖలోని సంగతి మీకు కొత్త కాదు. మా కాలనీలో మీరు చేసిన బస్సుల సర్వే నివేదిక చూపించమని ఇప్పటికి మూడుసార్లు రాశాం. మొదటి లేఖ మీ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. రెండోది రిజిస్టరు పోస్టులో పంపాం. మూడోదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ విభాగం ఏదో అందులో లేదు. పది నెలలు ఎదురుచూశాక, నలుగురూ చదివేలా రాయడం తప్ప మాకు వేరే దారి కనిపించలేదు.

మీ సంస్థ అంటే మాకు గౌరవమే. సర్వేకు వచ్చినవారికి తలుపు తీసి కుర్చీ వేసింది ఆ గౌరవంతోనే. ఇక విషయానికి వస్తాను.

రెండేళ్ల కిందట మీ సంస్థ తరఫున కొందరు యువ పరిశోధకులు మా కాలనీకి వచ్చారు. ప్రజా రవాణా మీద అధ్యయనం అన్నారు. ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో ఇంట్లో ముప్పావు గంట కూర్చుని, మేం చెప్పినవి ట్యాబులో నింపుకున్నారు. ఏడాది తిరిగేసరికి మా మీదుగా వెళ్లే రెండు బస్సుల్లో ఒకటి రద్దయింది. మిగిలినదాని ఆఖరి ట్రిప్పు రాత్రి ఎనిమిదిన్నరకు మారింది. కారణం ఏమిటని రవాణా అధికారులను అడిగాం. ‘యూనివర్సిటీ అధ్యయనం ప్రకారం మీ ప్రాంతానికి బస్సు సౌకర్యం తగినంత ఉంది’ అన్నారు. ఆ నివేదిక చూపించమంటే, అది రాసినవాళ్లను అడగమన్నారు. మీ దగ్గరికి వస్తే, నివేదిక రవాణా శాఖకు అప్పగించేశామని, వాళ్లనే అడగమని చెప్పారు. రెండు కార్యాలయాల మధ్య మేం తిరిగిన తిరుగుడుకు కూడా ఆ మిగిలిన బస్సే ఎక్కాం. అది ఇంకా రద్దు కాలేదు.

సర్వే రోజు నేను మా పక్కింట్లో ఉన్నాను. ఆవిడ ఆసుపత్రిలో రాత్రి షిఫ్టులో పారిశుద్ధ్య పని చేస్తుంది. ట్యాబు పట్టుకున్న అమ్మాయి అడిగింది:

“ఇక్కడి నుంచి బస్‌స్టాపు ఎంత దూరం అమ్మా?”

“దూరం ఎంతనీ, ఆ మలుపు తిరిగితే స్టాపే. రాత్రిపూట బస్సే సరిగ్గా రాదు.”

ఆ అమ్మాయి తెర మీదికి వంగి చూసింది. అక్కడ నాలుగు గళ్లున్నాయి: 250 మీటర్ల లోపు, 500 మీటర్ల లోపు, కిలోమీటరు లోపు, అంతకు మించి. బస్సు సరిగ్గా రాదన్న మాట పెట్టడానికి గడి లేదు. వేలు తెర మీద పెట్టకుండా కాసేపు అలాగే ఉండిపోయింది.

“500 లోపు అని పెట్టనా అమ్మా?”

“పెట్టుకో తల్లీ.”

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. గళ్లు గీసింది ఆమె కాదు. గీసినవారు మా వీధికి రాలేదు. ఆ ఒక్క నొక్కుతో మా పక్కింటావిడ ‘సౌకర్యం ఉన్నవారి’ జాబితాలో చేరిపోయిందని మాకు ఏడాది తర్వాత తెలిసింది.

500 మీటర్ల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ప్రజా రవాణాకు ఒక సూచిక ఉంది. బస్సులాంటి వాహనాలకైతే అర కిలోమీటరు నడకలో, రైలు, మెట్రోలాంటివాటికైతే కిలోమీటరు నడకలో స్టాపు ఉన్నవారికి రవాణా అందుబాటులో ఉన్నట్టు లెక్క. దేశాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అది పనికొస్తుంది. ఒక వీధికి బస్సు ఉంచాలా తీసేయాలా అని తేల్చడానికి అదొక్కటే ఎలా సరిపోతుంది? స్టాపు అంటే ఒక స్తంభం, దాని మీద ఒక బోర్డు. బస్సు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. మీ ప్రశ్నావళి కొలతలో మా పరిస్థితి ఈ రోజుకూ ఏమీ మారలేదు. స్తంభం మలుపులోనే ఉంది మరి.

మీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. ఇరవై నిమిషాలకొకటి సమంగా వచ్చే బస్సు కోసం, వేళ చూసుకోకుండా స్టాపుకు వెళ్లిన మనిషి సగటున పది నిమిషాలు నిలబడతాడు. నలభై నిమిషాలకొకటి అయితే ఇరవై. అవి సమంగా రాకుండా ఒకదాని వెనక ఒకటి కట్టగట్టుకుని వస్తే ఎదురుచూపు ఆ సగం కన్నా ఇంకా పెరుగుతుంది. బస్సులో కూర్చున్న నిమిషం కన్నా స్టాపులో నిలబడ్డ నిమిషం మనిషికి ఎక్కువ బరువని, రవాణా అధ్యయనాల్లో దాన్ని దాదాపు రెట్టింపుగా లెక్కకట్టడం మామూలేనని మీ రంగంలో అందరికీ తెలుసు. మా ఇళ్లలో ముప్పావు గంట అడిగిన ప్రశ్నల్లో ఎదురుచూపు గురించి ఒక్కటి కూడా లేదు.

దీనికి జవాబు ఎవరు చెబుతారో వెతుకుతూ మీ సంస్థ ముద్రించిన పరిచయ పుస్తిక సంపాదించాను. ఆచార్యుల పేర్లు, వాటి కింద పరిశోధనాసక్తులు ఉన్నాయి. పాలన, సమ్మిళిత వృద్ధి, సుస్థిర అభివృద్ధి, సంస్థాగత సంస్కరణలు, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండుసార్లు చూశాను. ‘రవాణా’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ పుస్తిక ప్రకారం మా బస్సు మీద మీలో ఎవరికీ ఆసక్తి లేదు. అయినా అధ్యయనం జరిగింది, బస్సు పోయింది. ఫోను చేస్తే గుమస్తా గారు మర్యాదగానే చెప్పారు: అది ఒక ప్రాజెక్టు, గడువు ముగిసింది, చేసినవాళ్లు కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు, వెళ్లిపోయారు. పుస్తికలో ఉన్నవారు ఆ పని చేయలేదు. పని చేసినవారు పుస్తికలో లేరు. ఎండలో మా గడప గడపా తొక్కిన ఆ పిల్లల పేర్లు ఏ పేజీలోనూ లేవు గానీ, ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయారని మీ గుమస్తా గారే చెప్పిన ఒక ఆచార్యుల పేరు మాత్రం ఇంకా ఉంది.

ఈ పద్ధతి వల్ల మామూలు మనుషులకు ఏం జరిగిందో వరుసగా రాస్తున్నాను.

1. మా పక్కింటావిడ డ్యూటీ రాత్రి పదింటికి మొదలవుతుంది. ఇదివరకు తొమ్మిదింబావు బస్సు ఎక్కేది. ఇప్పుడు ఎనిమిదిన్నరదే ఆఖరిది కాబట్టి దానిలోనే వెళ్లి, ఆసుపత్రి వెనకవైపు మెట్ల మీద దాదాపు గంట కూర్చుంటోంది. షిఫ్టు మొదలు కాకుండా లోపలికి రానివ్వరు. ఆ గంటకు జీతం లేదు. ఆ గంట ఇదివరకు కూతురికి అన్నం పెట్టి, పాఠం చదివించే సమయం. ఎనిమిదిన్నరది రాని రోజు ఆటోకు పెట్టే డబ్బు ఆ రాత్రి సంపాదనలోంచి పోతుంది. ఇలాంటివారు మా కాలనీలో ఆవిడ ఒక్కరే కాదు. కాపలాదారులు, హోటళ్లలో గిన్నెలు కడిగేవారు, గిడ్డంగుల్లో సరుకు దించేవారు ఉన్నారు. సర్వేకు మీవాళ్లు వచ్చింది పగలు పదకొండు, మూడు గంటల మధ్య. రాత్రి పని చేసేవారు చాలామంది ఆ వేళ నిద్రలో ఉన్నారు. పగటి పని చేసేవారు ఇంట్లోనే లేరు. మరి మీరు మాట్లాడింది ఎవరితో?

2. సాయంత్రం కాలేజీలో చదివే ఆడపిల్లలు ఇద్దరు చదువు మానేశారు. ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించారు. తప్పు పెద్దవాళ్లదని మీరు అనవచ్చు. చీకట్లో అరగంట ఆ మలుపులో నిలబడి చూశాక అనండి.

3. బస్సులు తగ్గితే ఎక్కేవాళ్లు తగ్గుతారు. ఎక్కేవాళ్లు తగ్గారు కాబట్టి గిరాకీ లేదని రేపు ఇంకో అధ్యయనం రాస్తుంది. అప్పుడు ఉన్న ఒక్క బస్సూ పోతుంది. తప్పు కొలత తనను తానే నిజం చేసుకునే దారి ఇది.

4. ఆ కాంట్రాక్టు పరిశోధకులూ మామూలు మనుషులే. మా మాటలు విన్నది వాళ్లు, ప్రశ్నావళిలో లోపం కళ్లారా చూసింది వాళ్లు. ప్రాజెక్టుతో పాటే వాళ్లను పంపించేశారు. వాళ్లకు తెలిసింది కూడా వాళ్లతోనే పోయింది.

5. మొన్న ఆరోగ్యం మీద సర్వే అని మరెవరో వచ్చారు. మా వీధిలో చాలా తలుపులు తెరుచుకోలేదు. దీని నష్టం మీకూ ఉంది, మాకు ఇంకా ఎక్కువ ఉంది.

మేం పరిశోధనకు వ్యతిరేకులం కాము. సరిగ్గా చేసిన అధ్యయనం మామూలు మనుషులకు ఎంత మేలు చేస్తుందో తెలిసే అడుగుతున్నాం. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. ఉద్యోగాలు ఊడిపోతాయని అప్పట్లో చాలామంది ఆర్థికవేత్తల నమ్మకం. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు, అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను, వేతనం పెరగని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా హోటళ్లను కలిపి 410 చోట్ల ఫోను చేసి అడిగారు. వేతనం పెరిగినచోట ఉద్యోగాలు తగ్గిన ఆధారం కనిపించలేదని 1994లో రాశారు. వాళ్ల లెక్కలు ఇతరులకు అందుబాటులో ఉన్నాయి. 2000లో వేరే పరిశోధకులు వేతన రికార్డులతో దాన్ని సవాలు చేశారు, వీళ్లు జవాబిచ్చారు. అదంతా అందరి ముందే జరిగింది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నోబెల్ సంగతి అలా ఉంచండి, ఎవరైనా ప్రశ్నించగలిగేలా లెక్కలు బయట ఉన్నాయి చూడండి, మేం అడుగుతున్నది అది.

లెక్కలు బయటికి రాకపోతే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. ప్రభుత్వ అప్పు దేశ స్థూలోత్పత్తి (జీడీపీ)లో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని ఇద్దరు పేరున్న ఆచార్యులు 2010లో రాశారు. ఖర్చులు కోయాలన్న నాయకులు ఆ మాటను ఎన్నో చోట్ల ఎత్తి చూపారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు క్లాసు పని కోసం ఆ లెక్కను తిరిగి చేయబోతే కుదరలేదు. అసలు పట్టిక తెప్పించుకుని చూస్తే, సగటు తీసే సూత్రంలో ఐదు దేశాల వరుసలు చేరలేదు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్: అక్షర క్రమంలో ముందున్న పాపానికి పోయాయి. కొన్ని సంవత్సరాల అంకెలను వదిలేసిన తీరు, సగటు తీసిన పద్ధతి కూడా కలుపుకుని సరిచేస్తే, అప్పు ఎక్కువున్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం అని ఆ విద్యార్థి, ఆయన ఆచార్యులు చూపించారు. పట్టికలో పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు, మిగతా విమర్శతో విభేదించారు. ఇక్కడ నన్ను ఆపింది ఒక్క సంగతే: అడిగితే పట్టిక పంపించారు. మేం పది నెలలుగా అడుగుతున్నది కూడా అలాంటి ఒక పట్టికనే.

మాలాంటివాళ్లకు పట్టికలేం అర్థమవుతాయని మీలో ఒకరు అన్నట్టు మా చెవిన పడింది. అన్నారో లేదో నాకు తెలియదు గానీ, జవాబు మాత్రం చెబుతాను. అమెరికాలోనే ఫ్లింట్ నగరంలో 2014లో తాగునీటిని ఖర్చు తగ్గుతుందని నదికి మార్చారు. నీళ్ల రంగు మారిందని, పిల్లలకు ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని జనం మొత్తుకున్నా అధికారులు నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సీసాలు పంపితే, ఆ ఇళ్లవాళ్లే కుళాయి నీళ్లు పట్టి తిరిగి పంపారు. నీళ్లలో సీసం అనే లోహం ఎంతుందో తేలిన ఫలితాలను అందరికీ తెలిసేలా ప్రకటించారు. ఆ అక్టోబరులో నగరం పాత నీటికి తిరిగి వెళ్లింది. నీళ్లు పట్టి ఇచ్చినవాళ్లలో ఎంతమందికి రసాయన శాస్త్రం వచ్చో ఎవరూ అడగలేదు.

ప్రజా విధానం చదివే మీ విద్యార్థులకు అమెరికా విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో చెప్పిన ఎనిమిది మెట్ల నిచ్చెన పాఠం ఉండే ఉంటుంది. ప్రజల భాగస్వామ్యం ఏ మెట్టు మీద ఉందో చూసుకునే నిచ్చెన. అందులో మూడో మెట్టు సమాచారం ఇవ్వడం, నాలుగోది అభిప్రాయం అడగడం. ఆ రెండూ కూడా నామమాత్రపు మెట్లేనని ఆమె అన్నారు. మీరు మమ్మల్ని నాలుగో మెట్టు మీద నిలబెట్టి ప్రశ్నలు అడిగారు. మూడో మెట్టు మాత్రం పీకేశారు.

దక్షిణాఫ్రికాలోని సాన్ అనే ఆదివాసీ ప్రజలు, తమ దగ్గరికి వచ్చే పరిశోధకులు ఇలా పాటించాలని 2017లో సొంతంగా ఒక నియమావళి ప్రకటించారు. ఫలితాలు చెబుతామని మాటిచ్చి వెళ్లినవారు తిరిగి రాకపోవడం వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. చదివినప్పుడు మా వీధి గురించే రాసినట్టు అనిపించింది. సర్వే రోజు మాతో సంతకం చేయించిన కాగితంలో ‘ఫలితాలు మీకు తెలియజేస్తాం’ అనే వాక్యం ఉంది. నా ప్రతి నా దగ్గరే ఉంది.

పదోన్నతికి జర్నళ్లలో వ్యాసాలు లెక్కిస్తారు గానీ, మా వీధికి తిరిగి వచ్చి చెప్పిన సాయంత్రాన్ని ఎవరూ లెక్కించరని మాకూ తెలుసు. నిధులు ఇచ్చేవారికి గడువులుంటాయి. ఆ ఇబ్బందులు నిజమే. అవి మీరు మీ విశ్వవిద్యాలయంతో తేల్చుకోవలసినవి. వాటి ఖర్చు రాత్రి పదింటి డ్యూటీకి వెళ్లే మనిషి మీద పడకూడదు.

మా డిమాండ్లు ఇవి.

1. రవాణా అధ్యయనం పూర్తి నివేదికను, ప్రశ్నావళిని, పేర్లు, చిరునామాలు తీసేసిన సర్వే లెక్కలను ముప్పై రోజుల్లోగా బయటపెట్టాలి. మొదట ఇది. మిగతావాటి గురించి మాట్లాడుకోవచ్చు గానీ దీని మీద బేరం లేదు.

2. ఆ అధ్యయనం చేయించింది ఎవరు, డబ్బు ఇచ్చింది ఎవరు, ప్రచురించకముందు దాన్ని మార్చే హక్కు వారికి ఉందా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. ఇది మీ మీద అనుమానంతో అడగడం కాదు. గుండె జబ్బుల విషయంలో చక్కెర పాత్రను తక్కువ చేసి చూపిన 1967 నాటి ఒక హార్వర్డ్ సమీక్షకు చక్కెర పరిశ్రమ డబ్బిచ్చిందని లోకానికి తెలియడానికి 2016 దాకా పట్టింది. అంతకాలం ఎదురుచూసే ఓపిక మాకు లేదు. అమెరికా ఆర్థికవేత్తల సంఘం 2012 నుంచి తన పత్రికల్లో రాసేవారు ఇలాంటి నిధుల వివరాలు చెప్పాలని నియమం పెట్టుకుంది. మీకూ అలాంటిది ఉంటే చూపండి, లేకపోతే పెట్టుకోండి.

3. ఎదురుచూపు సమయం, రాత్రి ట్రిప్పులు, షిఫ్టు పనివారు మీ సర్వేలో లెక్కకు రాలేదని రవాణా శాఖకు మీ సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ రాయండి. నివేదిక తప్పని రాయమనడం లేదు. అది దేన్ని కొలవలేదో రాయండి చాలు. బస్సు సంగతి మేం చూసుకుంటాం.

4. పరిచయ పుస్తికలో ప్రతి ఆచార్యుల పేరు కింద ఆసక్తులతో పాటు, గత ఐదేళ్లలో చేసిన, ఇప్పుడు చేస్తున్న అధ్యయనాలు, వాటికి నిధులిచ్చినవారు, ఏ ప్రాంతంలో చేశారు, ప్రశ్నలుంటే ఎవరిని అడగాలి అన్నవి ఉండాలి. ‘పాలన’ అన్న మాట పట్టుకుని మేం ఎవరి తలుపు తట్టాలి?

5. కాంట్రాక్టు పరిశోధకుల పేర్లు, వారికి ఇష్టమైతే, పుస్తికలోనూ నివేదికల్లోనూ వేయాలి. ప్రాజెక్టు ముగిశాక కూడా ఆ అధ్యయనానికి జవాబు చెప్పే శాశ్వత ఆచార్యులు ఒకరు ఉండి తీరాలి.

6. ఇకమీదట ఏ సర్వే అయినా, ప్రశ్నావళి ఖరారు చేసేముందు ఆ ప్రాంతంవారు కొందరికి చూపించండి. గడి ఎక్కడ తక్కువైందో పది నిమిషాల్లో చెబుతారు. ముగిశాక ఫలితాలను మామూలు భాషలో, రెండు పేజీల్లో ఇవ్వండి.

7. మా కాలనీవారితో ఒక సమావేశం పెట్టండి. అధ్యయనానికి బాధ్యులైన ఆచార్యులు స్వయంగా రావాలి, ప్రతినిధులు కాదు.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, సంతకాలున్న మా సర్వే కాగితాల ప్రతులతో విశ్వవిద్యాలయ పాలకమండలిని, దాని పరిశోధనా నైతిక సంఘాన్ని కలుస్తాం. మీ సంస్థ మళ్లీ సర్వేకు వస్తే ఈ లేఖ ప్రతిని ముందుగా చేతికిచ్చి, ఆ తర్వాతే మాట్లాడాలని కాలనీ సమావేశంలో నిర్ణయించుకున్నాం.

ఇట్లు,
కాలనీ నివాసుల సంఘం తరఫున,
మీ సర్వేలో జవాబులిచ్చిన ఒకరు

తా.క. సమావేశం మా దగ్గర కాకుండా మీ సంస్థలో పెట్టేట్టయితే దయచేసి ఏడు గంటలకల్లా ముగించండి. ఎనిమిదిన్నర దాటితే మాకు ఇంటికి బస్సు లేదు.